మంగళం పాడని వేషం

సూర్యుడు నడినెత్తికి చేరడానికి ఇంకా మూడు గడియలే ఉన్నాయి. కొండగుహలో ఒక రాతిపలక మీద కూర్చుని రేచన ముఖానికి అర్దళం పూసుకుంటున్నాడు. ఆ పసుప్పచ్చని పొడిని నూనెలో నూరి, మునివేళ్ళతో అద్దుకుని, నలభై ఏళ్ళలో అతను రాజయ్యాడు, రాక్షసుడయ్యాడు, ఒకసారి తోటి వేషగాడికి జ్వరం వస్తే జింక కూడా అయ్యాడు. ఏ వేషానికైనా ఒక్క పూతే సరిపోయేది. ఇవాళ రెండోసారి తుడిచి మళ్ళీ పూస్తున్నాడు.

ఇంతకాలం కట్టిన వేషాలన్నీ దివిటీల వెలుగులో కట్టినవి. దివిటీ వెలుగు దయగలది. ముడతలు కప్పుతుంది, రంగు పొరపాట్లు మింగుతుంది. ఈ వేషం మాత్రం మిట్టమధ్యాహ్నపు ఎండలో కట్టాలి. చూసేవాడు మాంత్రికుడు. తప్పితే పోయేది చప్పట్లు కాదు, నలభై ప్రాణాలు. ఆ నలభైమందిలో రేచన భార్య ముప్పమ ఉంది.

గుహలో రెండోవాడు కేసరిగిరి యువరాజు జయంతసేనుడు. తొడలో విషబాణం దిగి, జ్వరంతో కాగిపోతూ ఎండుగడ్డి మీద పడి ఉన్నాడు. నిలబడడానికే శక్తి లేదు. తెల్లవారగానే మాంత్రికుడు కాలజిహ్వుడు లోయ అవతల కోట నుంచి డప్పు వేయించాడు. పట్నంలో చేతికి దొరికిన నలభైమందిని పట్టుకున్నాననీ, సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి యువరాజు తనంతట తాను వచ్చి బలిరాయి మీద నిలబడితే వాళ్ళని ఒక్కొక్కరుగా వంతెన దాటిస్తాననీ, రాకపోతే అందరినీ అగాధలోయలోకి తోయిస్తాననీ ఆ చాటింపు.

"రేచనా, నాకూ నీకూ ఇరవై ఆరేళ్ళ తేడా. నువ్వే నేనంటే వాడు నమ్ముతాడా?" అన్నాడు యువరాజు.

రేచన అర్దళం అద్దుకుంటూనే ఉన్నాడు.

"రేచనా!"

"ఎవరిని పిలుస్తున్నారు దొరా? అర్దళం ముఖానికి తగిలాక ఆ పేరుగల మనిషి ఇక్కడ లేడు. మంగళం పాడి, ముఖం కడుక్కునేదాకా రాడు. మా మేళం కట్టుబాటు అది. మీ పట్నంలో ఆట చూసే పసిపిల్లలు కూడా వేషంలో ఉన్నవాణ్ణి సొంతపేరుతో పిలవరు."

"మరి ఏమని పిలవను?"

"యువరాజా అనండి."

అంత బాధలోనూ జయంతసేనుడికి నవ్వొచ్చింది. "నన్ను నేనే పిలుచుకున్నట్టుంటుంది. సరే యువరాజా, విను. వాడి చేతిలో ఎముక దండం ఉంది. దాన్ని చాచి మనిషి పేరు మూడుసార్లు పిలుస్తాడు. మూడోసారి ఆ పేరు చెవిన పడిందా, ఆ మనిషి రాయే. మా నాన్నగారు అలాగే అయ్యారు. చెవుల్లో మైనం పెట్టుకుని వెళ్ళు."

"చెవులు మూసుకుని వేషం ఎలా కట్టను దొరా? ఎదుటివాడి మాట వినబడందే నా మాట పుట్టదు. అయినా వాడు పిలిచేది తమరి పేరు కదా. అది నన్నేం చేస్తుంది?"

"నీ పేరు తెలిస్తే?"

"తెలియనివ్వకూడదు." రేచన కనుబొమలకు కాటుక దిద్ది, నెరిసిన చెంపల మీద నల్లని పాగా బిగించాడు. "ఇందాక దీపం గురించేదో అన్నారు."

"వాడి ప్రాణదీపం. బలిరాయికి సరిగ్గా కింద, కొండ చరియలో ఒక బిలం ఉంది. ఆకుపచ్చ పొగ వస్తుంటుంది చూడు, అక్కడే. ఆ దీపం ఆరితే వాడూ లేడు, వాడి మంత్రమూ లేదు. రాళ్ళైనవాళ్ళంతా మనుషులవుతారు. కానీ దారి లేదు, మెట్లు లేవు, నిచ్చెన అందదు. వాడే గబ్బిలమై వెళ్ళివస్తాడు."

రేచన గుహ ముంగిట నిలబడి లోయ అవతలికి చూశాడు. బలిరాయి నాలుకలా లోయ మీదికి చాచుకుని ఉంది. దాని మీద నలభై మూరల ధ్వజస్తంభం. స్తంభం కొసన కప్పీ, కప్పీ మీదుగా దిగిన మోకు, మోకుకు నల్లజెండా. చూడగానే అతని అరచేతులు దురద పెట్టాయి.

ఆరేళ్ళ వయసులో ఆట చూడడానికి మేళం వాళ్ళ వెదురుగడ ఎక్కి కింద పడ్డాడు రేచన. ఎడమచేతి చిటికెన వేలు విరిగింది. ఏడవకుండా, ఇంకొకసారి ఎక్కనా అని అడిగాడు. అలా మొదలైంది. గరుడ వేషం కట్టి గుడిగోపురం మీంచి మోకు పట్టుకుని ఊగుతూ వచ్చి రంగస్థలం మీద వాలడం అతని సొంత విద్య. మోకు రెండో కొస ముప్పమ నడుముకు ఉండేది. నోటితో దరువు, చేతిలో తాళం, నడుముకు మోకు. సరిగ్గా దూకవలసిన చోట ఆమె తాళం ఒక్క దెబ్బ మింగేసేది. ఆ ఖాళీలో రేచన మోకు వదిలేవాడు. ముప్పై ఏళ్ళలో ఆ ఖాళీ ఒక్కసారీ తప్పలేదు.

ఇవాళ మోకు ఉంది. పట్టే మనిషి శత్రువు చేతిలో ఉంది. ఆమెకు కబురు చెప్పే దారి లేదు.

"నేను వెళ్ళొస్తాను దొరా," అన్నాడు రేచన.

"నువ్వు తిరిగి రాకపోతే?"

"తమరు బతికుంటే చాలు. ఆట ఆగదు." తూర్పు దిక్కుగా తిరిగి చేతులు జోడించాడు. ఒళ్ళంతా రంగు పూసుకుని, ఇంకొకడి పేరు మోసుకుని మొక్కితే ఆ మొక్కు ఎవరి లెక్కలో పడుతుంది స్వామీ అని ఎప్పటినుంచో అతనికో అనుమానం. ఇవాళ కూడా తేలలేదు. మొక్కి బయల్దేరాడు.

కాలజిహ్వుడి కోట నల్లరాతి కోట. బురుజులు ఏనుగు దంతాల్లా ఆకాశంలోకి వంపు తిరిగి ఉన్నాయి. సింహద్వారం మీద వెయ్యి పడగల నాగుపాము, పడగ పడగకూ కోడిగుడ్డంత కెంపు. ఎండ తగిలి ఆ కెంపుల ఎరుపు గోడల మీద నెత్తురు చారల్లా జారుతోంది. ద్వారానికి ఇరువైపులా రాతిమనుషులు బారులు తీరి నిలబడ్డారు. ఒకడి నోట సగం మాట, ఒకతె చంకన సగం వంగిన బిడ్డ. అందరికంటే ముందు కేసరిగిరి మహారాజు, ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉండి, భుజం మీద కాకి వాలినా తోలుకోలేని రాయి.

ఇనుపకమ్ములకు తాళ్ళు పేని కట్టిన వంతెన మీద రేచన నడిచాడు. యువరాజు నడక అది. బాణం తగలకముందు వారం రోజులు ఆ కుర్రవాడి వెంట తిరుగుతూ, ఎడమ భుజం కాస్త ఎత్తి నడవడం, మాటకు ముందు గడ్డం పైకెత్తడం అన్నీ ఒడిసిపట్టాడు. అరిగిన మోకాలు ఎత్తుకో పోటు పొడుస్తోంది. అయినా ముఖం మీద ఇరవై రెండేళ్ళే ఉన్నాయి.

వంతెన కొసన బలిరాయి. మనిషి నడుమెత్తు అరుగు. ఎడమ పక్క డప్పులు, ఎదురుగా నేల మీద బారుగా కూర్చోబెట్టిన జనం. ఎత్తైన అరుగు, పక్కన వాద్యం, ఎదుట చూసే కళ్ళు. రేచన పాదం దానంతట అదే ఆగింది. నడుము వంగింది. కుడిచెయ్యి అరుగు అంచును తాకి, కళ్ళకు అద్దుకుంది.

చేసేశాక తెలిసింది ఏం చేశాడో. ఏ రాజకుమారుడూ అలా మొక్కడు. ఆట కట్టేవాడు మొక్కుతాడు.

జనంలో రెండో వరసలో ముప్పమ తల ఎత్తింది. కళ్ళు ఒక్కసారి పెద్దవయ్యాయి. వెంటనే తల దించుకుని కొంగు సర్దుకుంది.

"ఆగు!" స్తంభం పక్కనుంచి కాలజిహ్వుడు ముందుకొచ్చాడు. తాటిచెట్టంత మనిషి. జటలు పాదాల దాకా వేలాడుతున్నాయి. నల్లని నాలుక మాట మాటకీ పెదవులు తడుముతోంది. "ఏమిటా మొక్కు? రాజులు నేలకు మొక్కగా నేనెప్పుడూ చూడలేదు."

రేచన గడ్డం పైకెత్తాడు. "మా తాతలు నెత్తురు ధారపోసి గెలిచిన నేల ఇది, కాలజిహ్వా. నీ పాదం సోకి మైలపడింది. మన్నించమని అడిగాను."

మాంత్రికుడి ముఖం మాడింది. అనుమానం పోయింది. "పొగరు దిగలేదన్నమాట. ఎక్కు!"

రేచన ఎక్కాడు. కోటభటులు ఐదుగురూ ఈటెలు వంచారు. జనాన్ని లేపారు. మొదటివాడు వంతెన మీద అడుగుపెట్టాడు. తర్వాత ఒక ముసలమ్మ, తర్వాత చంటిబిడ్డతో ఒక తల్లి. ఒకరు దాటాకే ఇంకొకరు. నాలుగోది ముప్పమ వంతు. ఆమె చటుక్కున కూలబడి, "అయ్యో, కాలు బెణికిందయ్యా! వాళ్ళని పోనివ్వండి, నేను వెనక వస్తా," అంది.

"నడవలేనిదానివి వెనకే చావు," అని భటుడు ఈటె కర్రతో ఆమెను స్తంభం మొదటికి నెట్టాడు. సరిగ్గా ఆమె కోరుకున్నదే. మోకు కట్టిన కొయ్యమేకు ఆమె చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది.

పది మంది దాటారు. ఇరవై దాటారు. రేచన లోలోపల లెక్కపెడుతూనే ఉన్నాడు. ఇరవై తొమ్మిదోవాడు అవతలి గట్టున కాలు మోపగానే కాలజిహ్వుడు పకపకా నవ్వాడు.

"చాలు. మాట నిలబెట్టుకోవడం మీ వంశానికి అలవాటు, నాకు కాదు." ఎముక దండం చాచాడు. "జయంతసేనా!"

లోయ ప్రతిధ్వనించింది. రేచన మనసు మెరుపులా పనిచేసింది. ఈ పేరు తనని తాకదు. తాకలేదని వాడికి తెలిస్తే మిగిలిన పదకొండు మందీ పోతారు. ఇక మిగిలింది ఒకటే విద్య.

"జయంతసేనా!"

రేచన రొమ్ము మీదికి చేతులు తెచ్చుకున్నాడు. పాదాల నుంచి పైకి, ఒక్కో కీలే బిగించాడు.

"జయంతసేనా!"

ఊపిరి ఆగిపోయింది. రెప్ప నిలిచిపోయింది. కుడిచెయ్యి సగం లేచి, నోరు సగం తెరిచి, యువరాజు రాయైపోయాడు.

శాపం తగిలి శిలగా మారే ఘట్టంలో రేచన నిలబడితే పిచ్చుకలు వచ్చి భుజం మీద వాలేవని కేసరిగిరిలో చెప్పుకునేవారు. దివిటీలో గుగ్గిలం పొడి చల్లి, భగ్గున వెలుగు లేపి, ముఖం దగ్గర పెట్టి చూసినా రెప్ప కదిలేది కాదు. ఇప్పుడు గుగ్గిలం బదులు సూర్యుడున్నాడు. పాగా కింది నుంచి ఒక చెమట బొట్టు బయల్దేరింది. నుదురు దిగింది. ముక్కు కొసకు వచ్చి పసుప్పచ్చగా వేలాడింది. రాయికి చెమట పట్టదు. కాలజిహ్వుడు రెండడుగుల దూరంలో నిలబడి చూస్తున్నాడు. బొట్టు వణికింది. సన్నని గాలి వీచింది. బొట్టు జారి రేచన అరచేతి గుంటలోనే పడింది. ఎవరూ చూడలేదు.

"కేసరిగిరి నాదే!" అని మాంత్రికుడు వెనుదిరిగాడు. "మిగిలినవాళ్ళని లోయలోకి తోసేయండి."

ఆ మాట విని కూడా రాయి కదలకూడదు. జనం గోలుమన్నారు. ముప్పమ మాత్రం ఏడుస్తున్నట్టు మేకు మీద వాలి, రెండు వేళ్ళతో ముడి వదులు చేస్తోంది. ఇంకొక్క క్షణం. వాడు ఇంకో నాలుగడుగులు వేస్తే చాలు.

ఆ పదకొండు మందిలో కంచరి తిప్పయ్య ఉన్నాడు. ఆ మేళానికి తాళాలు పోసి ఇచ్చేది ఆయనే. డెబ్భై ఏళ్ళ మనిషి. రేచన కట్టిన ఏ వేషమూ ఆయన తప్పలేదు, ఎప్పుడూ ముందు వరసే. తన కళ్ళముందు రాజకుమారుడు రాయైతే చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చిన ఆ ముసలాయన, వేళ్ళ సందుల్లోంచి మళ్ళీ చూశాడు. సగం లేచిన కుడిచెయ్యి. రొమ్ము మీద ఎడమచెయ్యి. ఆ ఎడమచేతికి వంకరపోయిన చిటికెన వేలు.

ఏడుపు ఆగిపోయింది. ఏది ఎక్కడో, తానెవరో, ఎదుట ఉన్నది ఎవరో అంతా మరిచిపోయాడు ముసలాయన. రెండు చేతులూ గాల్లోకి ఎత్తి గుండెనిండా అరిచాడు.

"భళా రేచనా! భళా!"

అన్న మరుక్షణమే నోరు మూసుకున్నాడు. డెబ్భై ఏళ్ళలో తప్పని కట్టుబాటు తప్పాడు. పిడుగు పడనే పడింది.

కాలజిహ్వుడు గిర్రున తిరిగాడు. నల్లని నాలుక బయటికొచ్చింది. "రేచనా?" అన్నాడు మెల్లగా, రుచి చూస్తున్నట్టు. తర్వాత దండం చాచి గర్జించాడు. "రేచనా!"

రేచన ఎడమపాదం చల్లబడింది. చీలమండ దాకా రాయి. రాతిబొమ్మ ఒక్కసారిగా ఎగిరి స్తంభం మీదికి లంఘించింది. భటులు కెవ్వుమన్నారు.

"రేచనా!"

మోకాలి దాకా రాయి. పదేళ్ళుగా పొడుస్తున్న పోటు చటుక్కున మాయమైంది. నొప్పి పోయినందుకు అంత భయపడ్డవాడు లోకంలో ఇంకొకడు ఉండడు. మోకు చేతికందింది. ఇక నిలబడితే మూడో పిలుపు. రేచన మోకును ముంజేతికి రెండు చుట్లు చుట్టి, బలిరాయి అంచు మీంచి లోయలోకి దొర్లాడు.

రాతికాలి బరువుకు మోకు కప్పీలో కీచుమంటూ పరిగెత్తింది. నల్లజెండా చిరిగి ఎగిరిపోయింది. మేకు ఊడివచ్చింది. పాములా పారిపోతున్న మోకు కొస మీద ముప్పమ పడింది. స్తంభం మొదటికి రెండు మెలికలు వేసి, మూడోది తన నడుముకు చుట్టి, పాదాలు రాతికి తన్నిపెట్టింది. మోకు ఖణీమని బిగిసింది. ఆమె అరచేతుల తోలు లేచిపోయింది.

"మోకు తెంపండి!" అని అరిచాడు కాలజిహ్వుడు. భటులు ఉరికారు. అప్పుడు లేచాడు తిప్పయ్య. "నా నోరు చేసిన పాపం ఇది, నన్ను పొడవండిరా ముందు!" అంటూ మొదటి భటుడి కాళ్ళు వాటేసుకున్నాడు. మిగిలినవాళ్ళు ఎటూ చావే అనుకున్నారు కాబోలు, తొమ్మిదిమందీ గోళ్ళతో పళ్ళతో భటుల మీద పడ్డారు.

కింద, పాతాళం నోరు తెరిచినట్టున్న లోయలో రేచన వేలాడుతున్నాడు. పదిహేను మూరల దూరంలో బిలం కనిపిస్తోంది. ఆకుపచ్చ పొగలో చిటికెన వేలంత దీపం. చేతికందదు. పైన మోకు రాతి అంచుకు ఒరుసుకుని, ఒక్కో పోగే తెగుతోంది. ముప్పమ నడుము మోకుతో పాటు అంగుళం అంగుళం అంచు వైపు జరుగుతోంది.

"ముప్పీ!" అని కేకేశాడు. "మంగళం పాడెయ్! మోకు వదిలి వంతెన దాటిపో! నాతోపాటు నువ్వెందుకు?"

పైనుంచి రొప్పుతూ జవాబు వచ్చింది. "మంగళం ఎప్పుడు పాడాలో నాకు తెలుసులే! వేషగాడివి నువ్వు వేషం చూసుకో యువరాజా! ఆట నడిపేదాన్ని నేను!"

యువరాజా. ఈ చావుబతుకుల మధ్య కూడా ఆమె కట్టుబాటు తప్పలేదు. ఆ ఒక్క పిలుపుతో రేచన చేతుల్లోకి నలభై ఏళ్ళ బలం తిరిగొచ్చింది.

ఆమె దరువు ఎత్తుకుంది. గొంతు చీరుకుపోతూ, నెత్తురు కారే అరచెయ్యి స్తంభానికి కొట్టి తాళం వేస్తూ:

"వెడలెనే గరుడుడు వేగమె వెడలెనే!
కొండలు కదలగ కోటలు బెదరగ వెడలెనే!"

రేచన ఊగడం మొదలుపెట్టాడు. దరువుకో ఊపు. శత్రువు రాయి చేసిన కాలే ఇప్పుడు గుండులా బరువై ఊపును పెంచుతోంది. ఐదు మూరలు. ఎనిమిది మూరలు. చరియ దగ్గరికొచ్చి దూరమవుతోంది. దీపం వేడి ముఖానికి తగిలి పోతోంది.

బలిరాయి అంచున కాలజిహ్వుడి తల కనిపించింది. జటలు లోయలోకి వేలాడాయి. దండం కిందికి చాచాడు. "రే..." అని మొదలుపెట్టాడు.

అవతలి గట్టు నుంచి ఒక్కసారిగా గోల లేచింది. వంతెన దాటిన ఇరవై తొమ్మిది మందీ పారిపోలేదు. అక్కడే నిలబడి చూస్తున్నారు. చంటిబిడ్డ తల్లి మొదట అరిచిందో, ముసలమ్మ అరిచిందో తెలియదు. "భళా యువరాజా! భళా!" అని అందరూ ఒక్క గొంతుతో దరువు అందుకున్నారు. ఇవతల భటుడి కింద నలుగుతూ తిప్పయ్య అందరికంటే గట్టిగా అరిచాడు. "భళా యువరాజా!" లోయ ఆ అరుపును పట్టుకుని పది రెట్లు చేసి తిప్పికొట్టింది. మాంత్రికుడి నోరు కదులుతోంది. మాట మాత్రం చెవిన పడడం లేదు.

పదమూడు మూరలు. మోకు ఇంకా మూడు పోగుల మీద ఉంది. మూడు రెండయ్యాయి.

"...కోటలు బెదరగ..."

ముప్పమ చెయ్యి లేచింది. స్తంభం మీద పడలేదు.

ముప్పై ఏళ్ళుగా ఎరిగిన ఆ ఖాళీ వచ్చింది. జనం గోల, మాంత్రికుడి గర్జన, తెగుతున్న పోగుల చప్పుడు, ఏవీ రేచనకు వినబడలేదు. ఆ ఖాళీ ఒక్కటే వినబడింది. ఆకుపచ్చ వెలుగు వైపు రాతికాలు ముందుకు చాచి, రెండు చేతులూ రెక్కల్లా విప్పి, అతను మోకు వదిలేశాడు.